కంచె వేయాల్సింది యంత్రానికి

(ఇంజనీరింగ్ పరిశ్రమల్లో స్త్రీల ఆరోగ్యం, భద్రత గురించి మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరింగ్ పరిశ్రమ అనగానే మన కళ్ల ముందు ఒక మగవాడు కనిపిస్తాడు. లేతు మిషను ముందు నిలబడిన మనిషి, నూనె మరకల చొక్కా, చేతిలో స్పానరు. బీడీ అనగానే స్త్రీ గుర్తొస్తుంది, నాట్లు అనగానే స్త్రీ గుర్తొస్తుంది, బట్టలు కుట్టే కంపెనీ అనగానే గుర్తొస్తుంది. ఇనుము అన్నప్పుడు గుర్తు రాదు. ఇది యజమానుల లోపం మాత్రమే కాదు. కార్మిక సంఘాలకూ గుర్తు రాలేదు, మహిళా సంఘాలుగా మనకూ గుర్తు రాలేదు. నేనూ నా పరిశోధన మొదలుపెట్టినప్పుడు ఈ షెడ్ల గుమ్మం దాకా పోయి, లోపలున్నది మగవాళ్లే అనుకుని వెనక్కి వచ్చినదాన్నే.

లోపలికి పోయి చూస్తే సంగతి వేరు. హైదరాబాదు చుట్టూ బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్ లాంటి పారిశ్రామిక వాడల్లో పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న షెడ్లు ఉన్నాయి. అక్కడ మోటార్లకు రాగి తీగ చుట్టేది స్త్రీలు. కోసిన ముక్కల అంచులకున్న బర్ తీసేది స్త్రీలు. సోల్డరింగ్ చేసేది, కెమికల్ తొట్లో ముక్కలు ముంచి జిడ్డు కడిగేది, కొలతలు చూసేది, డబ్బాల్లో సర్దేది స్త్రీలు. డ్రిల్లింగ్ మిషను మీద, పవర్ ప్రెస్సు మీద కూడా స్త్రీలున్నారు. అయితే రిజిస్టరులో వాళ్ల హోదా ఒక్కటే: హెల్పర్. ఎవరికి హెల్పర్ అని అడిగితే జవాబు ఉండదు. మిషను మీద ఆమె ఒక్కతే ఉంటుంది.

ఈరోజు మీకు అలాంటి ఒక స్త్రీ గురించి చెప్పి, ఆమె మీదుగా చట్టం దగ్గరికి వస్తాను. ఆమె పేరు, కంపెనీ పేరు చెప్పను. ఆమె ఇంకా ఆ వాడలోనే బతకాలి.

2019లో ఆమెకు ముప్ఫై నాలుగేళ్లు. నాలుగేళ్లుగా ఒక షెడ్డులో ప్రెస్సు మీద పని. ఒక మధ్యాహ్నం కుడిచేతి రెండు వేళ్లు డై కింద పోయాయి. నేను కలిసేనాటికి గాయం మానింది. ఆమెను బాధిస్తున్నది వేళ్లకంటే ఒక మాట. "నేను సోయి లేకుండ చేసిన అంటున్నరు మేడం. సోయి లేకుంటే రోజుకు మూడు వేల పీసులు ఎట్ల తీస్త?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ ప్రసంగం అనుకోండి.

ముందు ఆ మిషను గురించి తెలియాలి. ప్రెస్సులో కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు. మధ్యలో రేకు ముక్క పెట్టి కాలితో పెడల్ తొక్కితే పై అచ్చు టన్నుల బరువుతో దిగుతుంది, రేకు వాషరో బ్రాకెట్టో అవుతుంది. దాన్ని తీసి మరో ముక్క పెట్టాలి. ఎనిమిది గంటల్లో మూడు వేల పీసులంటే దాదాపు పది సెకన్లకు ఒకసారి. అంటే ఆమె చేయి రోజుకు మూడు వేల సార్లు ఆ అచ్చుల మధ్యకు పోయి రావాలి. పాతరకం ప్రెస్సుల్లో క్లచ్ పిన్ను అరిగినా, స్ప్రింగు వదులైనా ఒక్కసారి తొక్కితే రెండుసార్లు దిగుతుంది. "డబుల్ కొట్టింది" అంటారు వాళ్లు. మొదటి దెబ్బ అయిపోయిందని చేయి లోపలికి పోతుంది, రెండో దెబ్బ చేతి మీద పడుతుంది. అందులో ఆమె సోయికి సంబంధం లేదు.

దీనికి మందు లేక కాదు. చేయి లోపలికి పోకుండా, రేకు మాత్రమే పోయేంత సందుతో అచ్చు చుట్టూ గట్టి గార్డు పెట్టవచ్చు. ముక్కను వేళ్లతో కాక పటకారుతో పెట్టే ఏర్పాటు చేయవచ్చు. కొత్తరకం ప్రెస్సుల్లో రెండు చేతులూ రెండు బటన్ల మీద ఉంటే తప్ప మిషను కదలదు. చేయి అడ్డు రాగానే మిషనును మధ్యలోనే ఆపేసే కాంతి తెరలున్నాయి. పాత ప్రెస్సు మధ్యలో ఆగలేదు కాబట్టి దానికి కాంతి తెర పనికిరాదు, గార్డే శరణ్యం. గార్డు పెడితే పీసులు తగ్గుతాయి. అసలు గొడవ అక్కడ ఉంది. గుర్గావ్, మానేసర్ ప్రాంతపు మోటారు వాహనాల విడిభాగాల పరిశ్రమలో వేళ్లు పోగొట్టుకున్న కార్మికులతో పనిచేసే సేఫ్ ఇన్ ఇండియా అనే సంస్థ 2019 నుంచి ప్రచురిస్తున్న నివేదికల్లో కూడా ఎక్కువగా కనిపించేది ఈ పవర్ ప్రెస్సే.

ఇప్పుడు చట్టం. దాదాపు డెబ్భై ఏడేళ్లపాటు మన దేశంలో ఈ విషయానికి ఆధారం 1948 ఫ్యాక్టరీల చట్టం. దాని 21వ సెక్షను పేరే యంత్రాలకు కంచె వేయడం. ప్రమాదకరమైన ప్రతి భాగానికీ గట్టి కంచె ఉండాలి, మిషను నడుస్తున్నంతసేపూ ఆ కంచె దాని స్థానంలో ఉండాలి అంటుంది. కార్మికుడు జాగ్రత్తగా ఉండాలని కాదు, కంచె ఉండాలని. ఈ భాష బ్రిటిష్ చట్టం నుంచి వచ్చింది. 1955లో బ్రిటన్ ప్రభువుల సభ ముందుకు ఒక కేసు వచ్చింది. సానరాయి మిషను మీద ఒక కార్మికుడి బొటనవేలికి దెబ్బ తగిలింది. పూర్తిగా కంచె వేస్తే సానరాయి పనికే రాకుండా పోతుందని యజమాని వాదన. పనికి రాకపోయినా సరే, చట్టం కంచె వేయమన్నది, వేయాల్సిందే అని తీర్పు వచ్చింది. పీసులు తగ్గుతాయనే మాటకు ఇంతకంటే సూటి జవాబు లేదు.

కానీ అదే చట్టంలో తర్వాతి సెక్షను చదవండి. కదులుతున్న యంత్రాన్ని పరీక్షించడం, నూనె వేయడం లాంటి పని తప్పనిసరైతే ప్రత్యేక శిక్షణ పొందిన వయోజన పురుష కార్మికుడే చేయాలి. అతనికి ఒంటికి అతుక్కునే దుస్తులు యజమాని ఇవ్వాలి. అతని పేరు రిజిస్టరులో ఉండాలి. దాని కిందనే స్త్రీలు, పిల్లలు కదిలే యంత్రాన్ని తుడవకూడదు, నూనె వేయకూడదు, సర్దకూడదు అని ఉంది. చూడటానికి ఇది స్త్రీల రక్షణ. జాగ్రత్తగా చూస్తే మగవాడికి మూడు దొరికాయి: శిక్షణ, దుస్తులు, రిజిస్టరులో పేరు. స్త్రీకి దొరికింది ఒక నిషేధం.

ఆ నిషేధం వల్ల షెడ్డులో ఏం జరిగింది? స్త్రీలు మిషను తుడవడం ఆగలేదు. షిఫ్టు అయిపోయాక మిషను తుడవడం ఇల్లు ఊడ్చినట్టే ఆడవాళ్ల పని అనుకునే చోట అది ఎట్లా ఆగుతుంది? ఆగింది శిక్షణ. చట్టప్రకారం ఆమె ఆ పని చేయడం లేదు కాబట్టి ఆమెకు నేర్పాల్సిన అవసరం లేదు. చట్టప్రకారం ఆమె అక్కడ లేదు కాబట్టి ఆమెకు దుస్తులు అక్కర్లేదు. చీర కొంగు బొడ్లో దోపుకుని, జడ ముడి వేసుకుని తిరిగే డ్రిల్లు పక్కన నిలబడే స్త్రీని మీరు చూస్తే, ఒంటికి అతుక్కునే దుస్తులు అనే ఆ మూడు మాటలు ఎంత విలువైనవో తెలుస్తుంది.

ఈ రెండు ఆలోచనలూ ఒకేచోట పుట్టాయి. 1844 బ్రిటిష్ ఫ్యాక్టరీ చట్టం యంత్రాలకు కంచె వేయమన్నది. అదే చట్టం వయోజన స్త్రీలను మొదటిసారిగా మైనర్ల పక్కన చేర్చి వాళ్ల పనిగంటలకు పరిమితి పెట్టింది. పనిగంటలు తగ్గడం మంచిదే, కాదనను. కానీ ఆనాటి నుంచి చట్టానికి రెండు దారులు దొరికాయి. ఒకటి యంత్రాన్ని కట్టడి చేయడం, దానికి ఖర్చవుతుంది. రెండోది స్త్రీని కట్టడి చేయడం, దానికి ఖర్చు లేదు. ఏ దారి ఎక్కువగా నడిచారో వేరే చెప్పనక్కర్లేదు.

రాత్రి పని సంగతీ అంతే. ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షను స్త్రీలను రాత్రి షిఫ్టుకు రానివ్వలేదు. ఇది వివక్ష అని 2000లో మద్రాసు హైకోర్టు, తర్వాత మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ఆ నిబంధనను కొట్టేశాయి. స్త్రీవాదులుగా మనం దాన్ని ఆహ్వానించాం, ఇప్పుడూ ఆహ్వానిస్తాం. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఫ్యాక్టరీల చట్టం స్థానంలోకి వచ్చింది. దీని 43వ సెక్షను ప్రకారం స్త్రీలు అన్ని సంస్థల్లో, అన్ని రకాల పనుల్లో చేరవచ్చు. ఉదయం 6కు ముందు, రాత్రి 7 తర్వాత పని చేయాలంటే ఆమె అంగీకారం కావాలి, భద్రతా షరతులు పాటించాలి.

నిషేధం పోయి అంగీకారం వచ్చింది. మాట బాగుంది. కానీ పీసు రేటు మీద, రేపు పని ఉంటుందో లేదో తెలియని స్త్రీ దగ్గర సూపర్వైజరు ఒక కాగితం పెట్టి సంతకం చేయమంటే, అది ఎటువంటి అంగీకారం? గృహహింస కేసుల్లో రాజీ పత్రాలు చూసిన మీకు నేను వివరించనక్కర్లేదు. నిషేధమైనా అంగీకారమైనా మాట్లాడుతున్నది స్త్రీ గురించే. ప్రెస్సుకు గార్డు ఉందా అనే ప్రశ్న రెండింటిలోనూ లేదు.

ఇప్పుడు సంఖ్యల దగ్గరికి వద్దాం. చట్టం ఎవరికి వర్తిస్తుందన్నది సంఖ్యతోనే తేలుతుంది. పాత చట్టం ప్రకారం కరెంటుతో నడిచేచోట 10 మంది, కరెంటు లేనిచోట 20 మంది ఉంటే అది ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో ఇవి 20, 40 అయ్యాయి. నేను చెప్పిన షెడ్డులో 2019లో పదిహేడు మంది పనిచేసేవాళ్లు. రిజిస్టరులో ఎనిమిది మందే ఉన్నారు. చట్టాన్ని తప్పించుకోవడానికి ఆ యజమాని దొంగలెక్క రాయాల్సి వచ్చింది. ఈనాడు అతనికి ఆ శ్రమ కూడా లేదు. పదిహేడు మందినీ నిజాయితీగా రాసినా అది ఫ్యాక్టరీ కాదు. 10 మంది దాటితే యజమానికి కోడ్‌లోని సాధారణ బాధ్యతలు ఉంటాయి. ప్రమాదాలు లేని పనిచోటు ఇవ్వాలి, ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. కానీ ఫ్యాక్టరీలకని విడిగా పెట్టిన నిబంధనలు అక్కడికి రావు. భద్రతా అధికారి 500 మంది ఉన్న ఫ్యాక్టరీకే, అపాయకరమైన ప్రక్రియలున్నచోట 250కి. మన స్త్రీలున్న షెడ్లకు భద్రతా అధికారి అనే మాటే చేరదు. ఇన్‌స్పెక్టరు పేరు కూడా మారింది, ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్. తనిఖీ చేసే మనిషే యజమానికి సలహాదారు కూడా.

1984లో భోపాల్ జరిగాక 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో యాభై మందికి పైగా చనిపోతే దేశమంతా ఉలిక్కిపడింది. ఉలిక్కిపడాలి కూడా. కానీ ఒక్కొక్క వేలుగా, ఒక్కొక్క షెడ్డులో జరిగే ప్రమాదానికి ఎవరూ ఉలిక్కిపడరు. ఇక వేళ్లు కూడా పోకుండా పోయే ఆరోగ్యం లెక్కలోకే రాదు. ప్రెస్సుల హోరులో చెవుడు, క్రోమియం తొట్ల దగ్గర చర్మం మీద పుండ్లు, సోల్డరింగ్ దగ్గర సీసం. ఇవన్నీ ఫ్యాక్టరీల చట్టం జాబితాకెక్కించిన వృత్తి వ్యాధులే. ఏ జాబితాలోనూ లేనిది ఇంకొకటుంది. షెడ్డులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండదు కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగరు. ఆ మూత్రనాళపు మంటలను ఏ డాక్టరూ వృత్తి వ్యాధి అని రాయడు. విడిగా మరుగుదొడ్డి ఉండాలని పాత చట్టమూ చెప్పింది, కొత్త కోడూ చెబుతున్నది.

మళ్లీ ఆమె దగ్గరికి వస్తాను. ప్రమాదం రోజు యజమాని పక్కనున్న నర్సింగ్ హోముకు తీసుకుపోయాడు, బిల్లు కట్టాడు. మూడో రోజు ఒక ఖాళీ కాగితం మీద ఎడమచేతి వేలిముద్ర తీసుకున్నాడు. తర్వాత ఆమె మా దగ్గరికి వచ్చింది. కేసు వేస్తే యజమాని రెండు మాటలన్నాడు. ఆమె హెల్పర్, ప్రెస్సు మీద ఆమెకు పనే లేదు. పైగా ఆమె అజాగ్రత్త.

అజాగ్రత్త అనే మాటను కార్యకర్తలు బాగా అర్థం చేసుకోవాలి. 1923 నుంచి ఉన్న నష్టపరిహార చట్టంలో అజాగ్రత్త అనేది సాకు కాదు. తాగి పని చేసినా, భద్రత కోసం పెట్టిన ఆజ్ఞను కావాలని ధిక్కరించినా, గార్డును కావాలని తీసేసినా మాత్రమే యజమాని తప్పించుకోగలడు. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం వచ్చినా ఆ సాకులు కూడా చెల్లవు. లేని గార్డును తీసేయడం ఎవరి తరమూ కాదు. పరిహారం హక్కును వదులుకుంటున్నానని రాయించుకున్న కాగితం కూడా చెల్లదు. ఇప్పుడు ఈ విషయాలు సామాజిక భద్రత కోడ్‌లోకి చేరాయి. 10 మంది ఉన్నచోట ఈఎస్ఐ ఉండాలి. ప్రమాదానికి సంబంధించిన ఈఎస్ఐ సాయానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న నియమం లేదు, చేరిన మొదటి రోజు ప్రమాదమైనా వస్తుంది. ఈఎస్ఐ వర్తించనిచోట యజమానే పరిహారం ఇవ్వాలి.

హెల్పర్ అన్న మాటకు జవాబు ఆమె ఇంట్లో దొరికింది. పీసు రేటులో మోసం జరుగుతుందని ఆమె రోజూ ఒక నోటు పుస్తకంలో లెక్క రాసుకునేది. తేదీ, డై పేరు, ఎన్ని పీసులు. కూతురి పాత స్కూలు పుస్తకంలో మిగిలిన పేజీలు. ప్రెస్సు మీద పనే లేదన్న మనిషి నాలుగేళ్ల ప్రెస్సు పని లెక్క అది. తోటి స్త్రీలు ఇద్దరు వచ్చి సాక్ష్యం చెప్పారు, వాళ్లలో ఒకామె పని పోయింది కూడా.

పరిహారం వచ్చింది. ఎట్లా లెక్కగడతారో చూడండి. బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం. ఒకే చేతికి రెండు వేళ్లు పోతే 20 శాతం. నాలుగు పోతే 50 శాతం. అది సంపాదన శక్తిలో నష్టమట. జీతంలో 60 శాతాన్ని వయసు ప్రకారం ఒక అంకెతో హెచ్చవేసి ఈ శాతంతో గుణిస్తారు. ఆమె విషయంలో అది రెండు లక్షల లోపే తేలింది, మూడేళ్లకు చేతికి వచ్చింది. ఆ చేత్తో ఆమె ఇప్పుడు కూతురికి జడ వేయలేదు, బట్టలు పిండలేదు, రొట్టె పిండి పిసకలేదు. ఆ పనులన్నీ పదకొండేళ్ల కూతురి మీద పడ్డాయి. జీతం లేని పని పనే కాదని మనం ఇన్నేళ్లుగా ఎవరితో తగువు పెట్టుకుంటున్నామో, ఆ శాతాల పట్టిక కూడా వాళ్లు రాసిందే.

మన చేతిలో ఉన్న పనులు కొన్ని చెబుతాను. మీరు పనిచేసే బస్తీలో ఇనుప షెడ్లకు పోయే స్త్రీలెవరో ముందు తెలుసుకోండి. ఏ మిషను మీద పనిచేస్తారో అడగండి, ఏ హోదా అని కాదు. నియామక పత్రం ప్రతి ఒక్కరికీ ఇవ్వాలని కొత్త కోడ్ చెప్పింది కాబట్టి అది అడిగించండి, అందులో హెల్పర్ అని కాక చేసే పని రాయించండి. పీసుల లెక్క ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకోమనండి. కోడ్ 14వ సెక్షను ప్రకారం ప్రమాదం పొంచి ఉందని తోచినప్పుడు యజమానికీ, ఇన్‌స్పెక్టరుకూ ఒకేసారి తెలియజేసే హక్కు కార్మికురాలికి ఉంది. మిషను డబుల్ కొడుతున్నదని పదిమంది కలిసి రాతపూర్వకంగా ఇస్తే, ఆ తర్వాత అజాగ్రత్త అనే మాట ఎవరి నోటా రాదు. ప్రమాదం జరిగితే ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయవద్దు, ఆసుపత్రి చీటీలో ఏ మిషను వల్ల దెబ్బ తగిలిందో రాయించాలి, పరిహారానికి రెండేళ్లలోపే దరఖాస్తు చేయాలి. యజమాని తప్పు వల్ల తీవ్రమైన గాయమైతే కోడ్‌లో ఏడాది వరకు జైలు లేదా 2 నుంచి 4 లక్షల రూపాయల జరిమానా ఉంది. ఆ జరిమానాలో కనీసం సగం బాధితులకు ఇప్పించే అధికారం కోర్టుకుంది. అది అడగడం మరవద్దు.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒక్కటే. పవర్ ప్రెస్సు ఉన్న ప్రతి షెడ్డుకూ, అక్కడ ఇద్దరున్నా ఇరవై మందున్నా, గార్డు నిబంధన వర్తించాలి. వేలు తెగడానికి ఇరవై మంది అక్కర్లేదు, ఒక్క మిషను చాలు.

పోయిన నెల నేను ఆ షెడ్డు వైపు వెళ్లాను. అదే ప్రెస్సు, అదే పెడల్. పరిహారం కట్టాక యజమాని మార్చింది ఒక్కటే, ఇప్పుడు పీసుల లెక్క సూపర్వైజరు తప్ప ఎవరూ రాసుకోకూడదని గోడ మీద కాగితం అంటించాడు. ప్రెస్సు ముందు ఒక కొత్త అమ్మాయి కూర్చుంది, ఇరవై రెండేళ్లుంటాయి. ఏం పని చేస్తావమ్మా అని అడిగితే "హెల్పర్ మేడం" అంది. గార్డు లేదు.

ఆ అమ్మాయి దగ్గరికి మనలో ఎవరు వెళతారో ఈ శిబిరం ముగిసేలోగా నిర్ణయించుకుందాం.